క్రోషే, నిట్టింగ్ కొత్తగా మొదలుపెట్టాను, ఇంట్లోకి పనికొచ్చేవి ఏం అల్లుకోవచ్చు?

కర్నూలు కోడలు:
అందరికీ నమస్కారం. మాది కర్నూలు, వన్‌టౌన్‌లో ఉంటాం. బాబు స్కూలుకి వెళ్ళాక మధ్యాహ్నం కాస్త ఖాళీ దొరుకుతుంది, ఈ ఎండల్లో ఎట్లాగూ బయటికి కాలు పెట్టలేం, ఫోన్ చూస్తూ కూర్చోవడం నాకు ఇష్టం లేదు. అందుకని ఫ్యాన్సీ షాపులో 4 మి.మీ. క్రోషే సూది (కొనలో కొక్కెం ఉండేది) ఒకటి, ఊలు ఉండలు రెండు తెచ్చుకున్నాను. వీడియోలు చూసి గొలుసు వేయడం, సింగిల్ క్రోషే అనే పొట్టి కుట్టు దాకా వచ్చింది.

అయితే యాడ చూసినా స్వెటర్లు, శాలువాలు, మఫ్లర్లే చూపిస్తున్నారు. మన కర్నూల్లో మఫ్లర్ ఎవరు కట్టుకుంటారు చెప్పండి. రోజూ చేతిలోకి తీసుకుని వాడుకునేవి, వంటింట్లోకి, ఇంట్లోకి పనికొచ్చేవి, అదీ నాలాంటి కొత్తవాళ్ళకి వారంలో అయిపోయేవి ఏమున్నాయి? ఇంకో మాట, మా ఆడపడుచుకి డిసెంబర్‌లో కాన్పు, పుట్టబోయే బిడ్డకి నా చేత్తో ఏదైనా ఇవ్వాలని ఉంది. దానికి క్రోషే సరిపోతుందా, లేక రెండు సూదులతో నిట్టింగ్ కూడా నేర్చుకోవాలా? మా అత్తమ్మ ఏమో రెండూ ఒకేసారి పెట్టుకుంటే ఏదీ రాదు అంటున్నారు.

పాతూరు అక్క:
అనంతపురం నుంచి చెల్లీ. మీ అత్తమ్మ మాట నిజమే, ముందు క్రోషే ఒక్కటే పట్టుకో. ఇందులో ఏ సమయానికైనా సూది మీద ఒక్క కుట్టే ఉంటుంది కాబట్టి బాబు పిలిచినా, కుక్కర్ విజిల్ వేసినా అట్లే వదిలేసి లేవచ్చు. నిట్టింగ్‌లో సూది నిండా కుట్లు ఉంటాయి, ఒకటి జారిందంటే కిందికి నాలుగు వరసలు విడిపోతాయి.

ఇక దారం సంగతి. నువ్వు తెచ్చుకున్నది అక్రిలిక్ ఊలు అయి ఉంటుంది, మన షాపుల్లో ఊలు అంటే ఎక్కువగా అదే ఇస్తారు. వంటింటి వస్తువులకి అది వద్దు. నీళ్ళు పీల్చదు, వేడి తగిలితే కరుగుతుంది, అట్లాంటి దాన్ని పట్టుకుని పొయ్యి మీది గిన్నె దించితే చేతికి అంటుకుంటుంది. కాటన్ దారం అడుగు. పక్కన ఆదోనిలో అంత పెద్ద పత్తి మార్కెట్టు ఉన్న సీమలో ఉండి మనం ప్లాస్టిక్ దారంతో అల్లుకోవడం నాకు మనసుకి పట్టదు, ఇది నా అభిప్రాయం. మరీ సన్నగా ఉండే లేసు దారం కాకుండా, 4 మి.మీ. సూదికి సరిపోయే లావు దారం తీసుకో. ఉండ మీది చీటీలో ఏ సూది వాడాలో రాసి ఉంటుంది, అక్కడే లాట్ నంబరు, అంటే ఏ విడతలో రంగు వేశారో చెప్పే నంబరు కూడా ఉంటుంది. పెద్ద వస్తువు అల్లాలనుకుంటే ఉండలన్నీ ఒకే లాట్‌వి తీసుకోవాలి, లేకపోతే అదే రంగు అన్నా మధ్యలో తేడా కనిపిస్తుంది.

మొదటి వస్తువు చదరపు ముక్క. తేలిగ్గా తీసుకోవద్దు, ఇది వస్తే సగం పని వచ్చినట్టే. 31 గొలుసులు వేయి, సూది నుంచి రెండో గొలుసులో మొదటి సింగిల్ క్రోషే, అట్లా చివరిదాకా వెళ్తే 30 కుట్లు. ఒక గొలుసు వేసి తిప్పి మళ్ళీ 30. చదరంగా వచ్చేదాకా అల్లుతూ పో, పక్కకి సుమారు 18 సెంటీమీటర్లు వస్తుంది, చేయి బిగుతుని బట్టి కాస్త అటూఇటూ ఉంటుంది. ఒకటి అయితే టేబుల్ తుడిచే గుడ్డ. అట్లాంటివి రెండు అల్లి ఒకదాని మీద ఒకటి పెట్టి, రెండు అంచుల్లోంచి సూది గుచ్చుతూ చుట్టూ సింగిల్ క్రోషే వేస్తే మసిగుడ్డ. మూలన పది పదిహేను గొలుసులు వేసి కలిపేస్తే మేకుకి తగిలించుకునే ఉచ్చు. మా ఇంట్లో వాడేవి ఇవే, ఉతికే కొద్దీ మెత్తబడతాయి. తడిగా ఉన్నప్పుడు మాత్రం వేడి గిన్నె పట్టుకోవద్దు, ఏ గుడ్డైనా తడిగా ఉంటే వేడి త్వరగా చేతికి వస్తుంది.

తర్వాత గుండ్రం. ఇందులో ఒక లెక్క ఉంది, అది పట్టుకుంటే పుస్తకం చూడక్కర్లేదు. సింగిల్ క్రోషే అయితే 6 కుట్లతో మొదలై ప్రతి చుట్టుకీ 6 పెరగాలి: 6, 12, 18, 24. డబుల్ క్రోషే (సూదికి ఒకసారి దారం చుట్టుకుని వేసే పొడుగు కుట్టు) అయితే 12తో మొదలై ప్రతి చుట్టుకీ 12: 12, 24, 36. అంచు అప్పడంలా వంకర్లు పోతోందంటే కుట్లు ఎక్కువయ్యాయని, అంచులు పైకి లేస్తున్నాయంటే తక్కువయ్యాయని అర్థం. డబుల్ క్రోషే మూడు చుట్లు వేస్తే గ్లాసు కింద పెట్టుకునే కోస్టర్ తయారు. ఆరు చేసి ఇంటికి వచ్చిన చుట్టాలకి మజ్జిగ గ్లాసుల కింద పెట్టి చూడు, ఎవరు చేశారని అడక్కుండా ఉండరు.

అదే గుండ్రం నీళ్ళ బాటిల్ అడుగంత వచ్చాక కుట్లు పెంచడం ఆపేసి అట్లే అల్లుకుంటూ పోతే గోడ దానంతటదే లేస్తుంది. అది బాటిల్ సంచి. పిల్లాడు స్కూలుకి భుజాన వేసుకుని పోతాడు. పట్టీ అల్లేటప్పుడు చిన్న చిన్న అడ్డ వరసలు వేయొద్దు, నీళ్ళ బరువుకి సాగిపోయి మోకాళ్ళ దాకా వేలాడుతుంది. పట్టీకి ఎంత పొడవు కావాలో అంత గొలుసు ముందే వేసి, దాని మీద నిలువునా మూడు నాలుగు వరసలు వేయి, గట్టిగా నిలబడుతుంది.

నంద్యాల టీచరమ్మ:
పాతూరు అక్క చెప్పినదానిలో ఒక్క విషయానికి నేను ఒప్పుకోను. కొత్తవాళ్ళని మొదటి రోజే కాటన్ పట్టుకోమంటే విసుగొస్తుంది. కాటన్ సాగదు, కుట్టు కాస్త బిగిస్తే సూది దూరదు, వేళ్ళు నొప్పి పుడతాయి. అక్రిలిక్ కొంచెం సాగుతుంది, విప్పి మళ్ళీ అల్లినా పాడవదు. కాబట్టి కోడలు గారూ, తెచ్చుకున్న ఊలు పారేయకండి, చేయి కుదిరేదాకా దానితోనే చదరాలు అల్లండి. వంటింట్లోకి వెళ్ళేవి మాత్రం కాటన్, అందులో అక్క మాటే నా మాట. రంగు కూడా చూసుకోండి. నలుపు, ముదురు నీలం అయితే కుట్టు ఎక్కడుందో కనిపించదు, సాయంత్రం లైటు కింద మరీ కష్టం. లేత పసుపు, గులాబీ లాంటివి నయం.

ఇక బిడ్డ సంగతి. క్రోషేతోనూ టోపీ వస్తుంది కానీ, నాకైతే పసిబిడ్డకి నిట్టింగే మంచిది అనిపిస్తుంది, బట్ట పల్చగా, సాగేటట్టు వస్తుంది, తలకి ఒత్తుకోదు. డిసెంబర్‌కి ఇంకా టైముంది కాబట్టి క్రోషే కుదిరాక మొదలుపెట్టండి, టెన్షన్ పడక్కర్లేదు. నిట్ అనే మామూలు కుట్టు చాలు, దాన్ని తిరగేసినట్టుండే పర్ల్ కుట్టు నేర్చుకోకుండానే పని అవుతుంది. ప్రతి వరసా నిట్ కుట్టే వేస్తే గార్టర్ అంటారు, రెండు వైపులా ఒకేలా గట్లు గట్లుగా వస్తుంది, అంచులు చుట్టుకుపోవు. ఒక వరస నిట్, ఒక వరస పర్ల్ వేసే స్టాకింగ్ కుట్టు నున్నగా, చూడటానికి అందంగా ఉంటుంది కానీ అంచులు ముడుచుకుంటాయి, మొదట్లో దాని జోలికి పోకండి.

సూదులు కొనేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. మన షాపుల్లో నిట్టింగ్ సూదులకి పాత నంబర్లు చెప్తారు, ఆ లెక్కలో నంబరు పెరిగే కొద్దీ సూది సన్నబడుతుంది. 8 నంబరు అంటే 4 మి.మీ., 10 నంబరు అంటే 3.25 మి.మీ. మీకు 8 కావాలి.

పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత మామూలుగా 35 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. అల్లిక సాగుతుంది కాబట్టి టోపీ అంతకంటే నాలుగైదు సెంటీమీటర్లు తక్కువ ఉండాలి. ముందు 30 కుట్లతో చిన్న ముక్క అల్లి స్కేలు పెట్టి కొలవండి, పది సెంటీమీటర్లకి ఎన్ని కుట్లు పడుతున్నాయో తెలుస్తుంది. 21 పడితే టోపీకి సుమారు 64 కుట్లు ఎక్కించుకోవాలి. 15 సెంటీమీటర్ల ఎత్తు దాకా అన్నీ నిట్ వరసలే. చివర్లో కుట్లు మూయకుండా దారం జానెడుకి రెండింతలు వదిలి కత్తిరించి, మొద్దు సూదిలోకి ఎక్కించి, కుట్లన్నిట్లోంచి లాగి బిగించండి, పైభాగం ముడుచుకుంటుంది. మిగిలిన దారంతో పక్క అంచులు కలిపి కుట్టేస్తే టోపీ అయిపోతుంది.

పసిబిడ్డకి ఇచ్చేదాంట్లో మూడు జాగ్రత్తలు తప్పనిసరి. గుండీలు, పూసలు, ఊలు బంతులు పెట్టొద్దు, ఊడితే నోట్లో పెట్టుకుంటారు. సాక్సులు అల్లితే లోపలివైపు దారపు కొసలు, పొడవాటి పోగులు ఏవీ వదలొద్దు, బిడ్డ కాలి వేలికి చుట్టుకుని రక్తం ఆడకుండా చేస్తాయి, బిడ్డ ఏడుస్తుంది కానీ ఎందుకో ఎవరికీ తెలీదు. మూడోది, ఇంట్లో పడుకోబెట్టేటప్పుడు టోపీ తీసేయమని మీ ఆడపడుచుకి చెప్పండి. చిన్న పిల్లల ఒంట్లో ఎక్కువైన వేడి తలనుంచి కూడా బయటికి పోవాలి, పెద్దవాళ్ళు ప్రేమకొద్దీ రోజంతా కట్టి ఉంచుతారు, మన వాతావరణానికి అది అసలే వద్దు. పొద్దున్నే బయటికి తీసుకెళ్ళేటప్పుడు వేస్తే చాలు.

కర్నూలు కోడలు:
అక్కా, మేడమ్, ఇద్దరికీ శానా థ్యాంక్స్. చదరం మొదలుపెట్టాను. 30 కుట్లతోనే మొదలైంది కానీ పైకి పోయే కొద్దీ సన్నబడుతోంది, కింద వెడల్పు, పైన ఇరుకు. కుట్టు అయితే చూడటానికి సరిగానే ఉంది. ఎక్కడ పోతున్నాయి ఈ కుట్లు?

పాతూరు అక్క:
ప్రతి వరస చివరి కుట్టు తప్పిపోతోంది చెల్లీ. తిప్పి వచ్చినప్పుడు ఆఖరి కుట్టు అంచున ఒదిగి, ముడిలా బిగుసుకుని ఉంటుంది, అక్కడ కుట్టు ఉన్నట్టే అనిపించదు, అది వదిలేసి తిప్పేస్తాం. ఒక పిన్నీసు తీసుకో. వరసలో మొదటి కుట్టు వేయగానే దాని తలలో, అంటే పైన జడలా కనిపించే రెండు పోగుల కింద, పిన్నీసు పెట్టు. తిరిగి వచ్చేటప్పుడు ఆ పిన్నీసు ఉన్న కుట్టులో సూది గుచ్చితేనే వరస అయిపోయినట్టు. పిన్నీసు తీసి కొత్త వరస మొదటి కుట్టుకి పెట్టుకో.

ఇంకోటి, తిప్పేటప్పుడు వేసే ఒక్క గొలుసుని సింగిల్ క్రోషేలో కుట్టుగా లెక్కపెట్టకూడదు, మొదటి కుట్టు ఆ గొలుసు మొదట్లో ఉన్న కుట్టులోనే వేయాలి. డబుల్ క్రోషేలో మాత్రం తిప్పేటప్పుడు వేసే మూడు గొలుసులూ కలిపి ఒక కుట్టు. ఈ తేడా దగ్గరే ఎక్కువమంది అంచులు వంకర పోతాయి. ప్రతి వరసా అయ్యాక లెక్కపెట్టు, 30 రాకపోతే ఆ ఒక్క వరస విప్పు. పది వరసలయ్యాక చూసుకుంటే విప్పబుద్ధి కాదు.

కడప చెల్లి:
నేను దారం కొనే పనే పెట్టుకోలేదు అక్కలూ. మా ఆయనవి, పిల్లలవి పాత టీ షర్టులు ఉంటాయి కదా, వాటిని చంకల కింద అడ్డంగా కత్తిరించేసి, మిగిలిన గొట్టం లాంటి బట్టని రెండు మూడు సెంటీమీటర్ల వెడల్పున చుట్టూ తిరిగేట్టు ఒకే పొడవాటి పట్టీగా కత్తిరిస్తాను. కొంచెం లాగితే అంచులు లోపలికి చుట్టుకుని లావు దారంలా అవుతుంది. దీనికి 10 మి.మీ. సూది కావాలి, మా కడప వై.వి. స్ట్రీట్ వైపు టైలరింగ్ సామాన్ల షాపుల్లో అడిగితే దొరికింది. సింగిల్ క్రోషేనే, గుండ్రంగా, అక్క చెప్పిన ఆరు లెక్కతోనే. బాత్రూమ్ ముందు వేసే డోర్‌మ్యాట్ అవుతుంది, నీళ్ళు బాగా పీలుస్తుంది. లావు దారం కాబట్టి తొందరగా పెరుగుతుంది, కొత్తవాళ్ళకి ఉత్సాహం వస్తుంది. కాకపోతే మణికట్టు నొప్పి వస్తుంది, అరగంటకోసారి ఆపి చేతులు విదిలించుకోవాలి.

పాత కాటన్ చీరలు కూడా ఇట్లా చింపి అల్లొచ్చు, మా అమ్మమ్మ వాటితో బొంతలు కుట్టేది, నేను మ్యాట్లు అల్లుతున్నా. పట్టు, నైలెక్స్ వద్దు, నున్నగా ఉండి కాలు జారుతుంది. గచ్చు నున్నగా ఉంటే మ్యాట్ కింద జారకుండా రబ్బరు జాలీ వేసుకోండి, ముఖ్యంగా పెద్దవాళ్ళు ఉన్న ఇంట్లో.

ఒక సందేహం నాకు కూడా. మా పాపది ఎడమ చేతి వాటం, నేర్చుకుంటానని వెంటపడుతోంది. కుడి చేత్తో అలవాటు చేయించాలా?

నరసాపురం ఆడపిల్ల:
కడప చెల్లీ, వద్దు, పాపని ఎడమ చేత్తోనే అల్లనివ్వు. పక్కన కాదు, ఎదురుగా కూర్చోబెట్టుకో. నువ్వు కుడి చేత్తో చేసేది తనకి అద్దంలో చూసినట్టు సరిపోతుంది. వీడియో అయితే ఫోన్‌లో అద్దం తిప్పినట్టు మార్చుకునే ఆప్షన్ ఉన్న యాప్‌లు ఉంటాయి. తన వరసలు కుడి నుంచి కాకుండా ఎడమ నుంచి మొదలవుతాయి, అంతే తేడా, వస్తువు అదే వస్తుంది.

నేను పుట్టింది నరసాపురం వైపు, పెళ్ళయి ప్రొద్దుటూరు వచ్చాను. మా ఊళ్ళలో ఇంటింటా లేసు అల్లుతారు, 19వ శతాబ్దంలో వచ్చిన మిషనరీల దగ్గర ఆడవాళ్ళు నేర్చుకున్న పని, ఇప్పుడు దానికి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్కడ వాడేది సన్న కాటన్ దారం, ఒక మిల్లీమీటరు లావున్న స్టీలు సూదులు. అందంగా ఉంటుంది కదా అని కోడలు గారు ఇప్పుడే దానికి దిగొద్దు. చేయి ఒకే బిగుతులో నడవడం వచ్చాకే ఆ సన్న దారం మాట వింటుంది. ఆ బిగుతు ఎట్లా వస్తుందంటే, దారాన్ని ఎడమ చేతి చిటికెన వేలికి ఒక చుట్టు వేసి, మిగతా వేళ్ళ కింద నుంచి తెచ్చి, చూపుడు వేలి మీదుగా పోనివ్వాలి. దారం వదిలేది, ఆపేది చూపుడు వేలే. సూది పట్టుకున్న చేయి బిగించకూడదు. మా అమ్మ కళ్ళు మూసుకుని అల్లుతుంది, వేలికి కుట్టు తెలుస్తుంది.

నమూనాలు నెట్‌లో చూసి చేసేటప్పుడు ముందు అది బ్రిటిష్ లెక్కా, అమెరికా లెక్కా చూసుకోండి. బ్రిటిష్ వాళ్ళు డబుల్ క్రోషే అని రాసేది అమెరికా వాళ్ళ సింగిల్ క్రోషే. పైన అక్క చెప్పినవన్నీ అమెరికా లెక్క. ఇది చూసుకోకపోతే టేబుల్ క్లాత్ అనుకున్నది చేతి రుమాలంత వస్తుంది.

కర్నూలు కోడలు:
పిన్నీసు పెట్టాక అంచులు తిన్నగా వస్తున్నాయి అక్కా! మసిగుడ్డకి రెండో ముక్క మీద ఉన్నాను. శ్రావణ మాసానికి పూజ మందిరంలో కలశం కింద వేసే గుండ్రం, గుమ్మానికి చిన్న తోరణం అల్లాలని ఉంది. ఎరుపు, పసుపు కాటన్ తీసుకుంటే రంగు దిగుతుందా? దీపం కుందుల కింద కూడా వేయొచ్చా?

నంద్యాల టీచరమ్మ:
దీపం కుందుల కింద వేయొద్దమ్మా, నిప్పురవ్వ పడితే కాటన్ అంటుకుంటుంది, అక్రిలిక్ అయితే కరిగి మంట పట్టుకుంటుంది. కుందుల కింద ఇత్తడి పళ్ళెమే ఉండాలి. కలశం కిందికి కోస్టర్ లెక్కనే ఇంకో మూడు నాలుగు చుట్లు పెంచుకోండి, ఆఖరి చుట్టులో ఒక కుట్టులోనే ఐదు డబుల్ క్రోషేలు వేసి, ఒక కుట్టు వదిలి, తర్వాతి కుట్టులో ఒక సింగిల్ క్రోషే, మళ్ళీ ఒకటి వదిలి ఐదు, ఇట్లా చుట్టూ పోతే గవ్వల అంచు వస్తుంది. చుట్టులో కుట్లు నాలుగుతో భాగం పోవాలి, 72, 84 అట్లా ఉంటే సరిగ్గా కలుస్తుంది.

రంగు సంగతి, ఎరుపు దారం మూరెడు కత్తిరించి తడిపి తెల్లగుడ్డలో పెట్టి పిండి చూడండి. గుడ్డకి అంటితే ఆ ఎరుపుని లేత రంగు పక్కన పెట్టొద్దు, విడిగా అల్లుకోండి. కాటన్ మొదటి ఉతుకుకి కొంచెం కుంచించుకుంటుంది కూడా, కొలత ముఖ్యమైన వస్తువు అయితే కాస్త పెద్దగానే అల్లండి. తోరణానికి పొడవాటి గొలుసు వేసి దాని మీద ఒక వరస సింగిల్ క్రోషే, దానికి జానెడు జానెడు దూరంలో చిన్న త్రికోణాలు వేలాడదీయండి: ఆకుపచ్చ దారంతో 12 కుట్ల వరస మొదలుపెట్టి ప్రతి వరసకీ రెండు వైపులా ఒక్కొక్క కుట్టు తగ్గిస్తూ పోతే మామిడాకు కొస వస్తుంది.

పాతూరు అక్క:
ఒకటి చెప్పడం మర్చిపోయాం అందరం. అల్లడం అయ్యాక దారపు కొస ముడి వేసి దగ్గరగా కత్తిరించేయొద్దు, రెండు ఉతుకులకే విడిపోతుంది. నాలుగైదు అంగుళాలు వదిలి మొద్దు సూదికి ఎక్కించి, కుట్ల లోపల నుంచి ఒకవైపు పోనిచ్చి, వెనక్కి తిప్పి ఇంకోవైపు, మళ్ళీ ఒకసారి తిప్పి లాగి, అప్పుడు కత్తిరించు. కాటన్‌కి ఇది మరీ ముఖ్యం, అది జారుతుంది. మసిగుడ్డ అయ్యాక ఫోటో పెట్టు చెల్లీ, అంచు చూసి చెప్తా.